ఖరోషియ్, ఖరషో, ఖరోష్... రష్యన్‌లో "మంచి"కి ఇన్ని రూపాలేంటి, ఎక్కడ ఏది వాడాలి?

కొత్తగా_రష్యన్:

అందరికీ నమస్తే. రష్యన్ సొంతంగా నేర్చుకుంటున్నా, అక్షరాలు, పలకరింపులు, చిన్న చిన్న వాక్యాలు అయిపోయాయి, ఇప్పుడు అడ్జెక్టివ్స్ దగ్గరికి వచ్చా. "మంచి" అనే ఒక్క మాట దగ్గరే బండి ఆగిపోయింది. మనకి మంచి అబ్బాయి, మంచి అమ్మాయి, మంచి పుస్తకాలు, మంచి స్నేహితుడితో, ఎక్కడ పెట్టినా "మంచి" మంచిగానే ఉంటుంది, మార్పంతా పక్క మాటకే. రష్యన్ టేబుల్ చూస్తే ఆరు విభక్తులు, మూడు జెండర్లు, ప్లూరల్ ఒకటి, మొత్తం 24 గళ్ళు, అది చాలదన్నట్టు కింద "షార్ట్ ఫార్మ్" అని ఇంకో నాలుగు.

నా డౌట్లు ఇవి. "కొత్త"కి నపుంసకలింగంలో నోవయె అని ఉంది, "పెద్ద"కి బల్షోయె అని ఉంది, మరి "మంచి"కి మాత్రం ఖరోషయె కాకుండా ఖరోషెయె అని ఎందుకు రాస్తారు? సినిమా బాగుంది అనాలంటే ఫీల్మ్ ఖరోషియ్ అంటారు, అంతా బాగుంది అనాలంటే ఫ్స్యో ఖరషో అంటారు, తెలుగులో రెండూ "బాగుంది"యే కదా, తేడా ఎలా పట్టుకోవాలి? ఇంక ఈ ఒట్టి "ఖరోష్" అనే రూపం ఆడియోల్లో అస్సలు మంచి అనే అర్థం లేనిచోట కూడా వినపడుతోంది. వెళ్ళొస్తానని చెప్పడానికి ఫ్సివో ఖరోషెవ అంటున్నారు, అందులో ఆ "ఎవ" ఎక్కణ్ణుంచి వచ్చింది, రాతలో చూస్తే అక్కడ "గ" అక్షరం ఉంది! "ఇంకా మంచి", "అన్నిటికంటే మంచి" అనడానికేమో పూర్తిగా వేరే మాట. తెలిసినవాళ్ళు కాస్త ఓపిగ్గా చెప్తే చాలా హెల్ప్ అవుతుంది.

విభక్తి_ప్రియ:

ముందు ఆ టేబుల్ భయం పోగొట్టుకోండి. గళ్ళు 24 ఉన్నమాట నిజమే కానీ లోపల ఉన్న వేర్వేరు రూపాలు 12 మాత్రమే, ఎందుకంటే చాలా గళ్ళలో ఒకే మాట మళ్ళీ మళ్ళీ వస్తుంది. స్త్రీలింగమే చూడండి, కర్త అయితే ఖరోషయా, కర్మ అయితే ఖరోషుయు, మిగతా నాలుగు విభక్తులకీ ఒక్కటే, ఖరోషెయ్. అంటే స్త్రీలింగం మొత్తం మూడు మాటల్లో అయిపోయింది. పుంలింగం, నపుంసకలింగం మధ్య తేడా కర్త, కర్మ రూపాల్లోనే, ఆ తర్వాత రెండూ కలిసే నడుస్తాయి, ఖరోషెవ, ఖరోషెము, ఖరోషిమ్, ఖరోషెమ్. ప్లూరల్‌కి జెండరే లేదు, ఖరోషియె, ఖరోషిఖ్, ఖరోషిమ్, ఖరోషిమి, అంతే.

ఇప్పుడు ఖరోషెయె సంగతి. ఇది ఈ ఒక్క మాటకే వచ్చిన మినహాయింపు కాదు, స్పెల్లింగ్ రూల్. రష్యన్‌లో ఝ, చ, ష, ష్చ, త్స శబ్దాల అక్షరాల తర్వాత వచ్చే ఎండింగ్ మీద స్ట్రెస్ (నొక్కి పలకడం) లేకపోతే అక్కడ "ఒ" రాయరు, "ఎ" రాస్తారు. ఖరోషియ్‌లో స్ట్రెస్ "రో" మీద ఉంది, ఎండింగ్ మీద లేదు, అందుకే ఖరోషెయె, ఖరోషెవ, ఖరోషెము. బల్షోయ్‌లో కూడా అదే "ష" ఉంది కానీ అక్కడ స్ట్రెస్ ఎండింగ్ మీదే పడుతుంది, అందుకని "ఒ" అలాగే నిలబడింది, బల్షోయె, బల్షోవ, బల్షోము. నోవియ్‌లో "వ" ఉంది కాబట్టి ఈ రూల్‌కి సంబంధమే లేదు. ఈ మూడు మాటలూ పక్కపక్కన రాసుకుని చూడండి, రూల్ మొత్తం ఆ మూడింటిలోనే కనపడుతుంది. ఇంకొకటి కూడా ఉంది, "ష" తర్వాత గట్టి "ఇ" అక్షరం (ы) రాయకూడదు, మామూలు "ఇ" (и) రాయాలి, పలికేది మాత్రం గట్టిగానే. నోవియ్ చివర ఒక అక్షరం, ఖరోషియ్ చివర ఇంకో అక్షరం కనపడేది అందుకే.

"ఎవ"లో "గ" ఎందుకుంది అన్నారు కదా, అడ్జెక్టివ్స్ జెనిటివ్ (మన "యొక్క" లాంటి విభక్తి) ఎండింగ్‌లో ఎక్కడైనా సరే రాసేది "గ", పలికేది "వ". నోవవ, బల్షోవ, ఖరోషెవ అన్నీ అంతే. సివోద్న్య, అదే "ఈరోజు" అనే మాట, దాంట్లో కూడా ఇదే పాత జెనిటివ్ దాక్కుని ఉంది, అక్కడా రాసేది "గ"యే. ఒకసారి అలవాటైతే మళ్ళీ తడబడరు.

పుంలింగంలో కర్మకి ఒక్క జాగ్రత్త. ప్రాణం లేని వస్తువైతే కర్త రూపమే, ప్రాణం ఉంటే జెనిటివ్ రూపం. యా వీదెల్ ఖరోషియ్ ఫీల్మ్, మంచి సినిమా చూశా. యా జ్నాయు ఖరోషెవ వ్రచా, నాకు మంచి డాక్టర్ తెలుసు. ప్లూరల్‌లో కూడా ఇదే పద్ధతి, అక్కడ ఆడవాళ్ళకీ వర్తిస్తుంది.

నా సలహా అయితే టేబుల్‌ని ఒక్కసారి చేత్తో రాయండి, అడ్డంగా కాదు నిలువుగా, ఒక్కో జెండర్ ఒక్కో కాలమ్. ఆ కాలమ్స్‌లో ఏది దేంతో కలుస్తోందో చూస్తే చాలు.

ఫొనెటిక్స్_పిచ్చి:

పైన చెప్పింది బాగుంది, వినడం వైపు నుంచి ఒక ముఖ్యమైన మాట కలుపుతా, ఎందుకంటే చెవితో నేర్చుకునేవాళ్ళకి అసలు గందరగోళం ఇక్కడే మొదలవుతుంది. రాతలో ఖరోషెమ్, ఖరోషిమ్ వేర్వేరు, కానీ స్ట్రెస్ లేని చోట "ష" తర్వాత ఎ, ఇ రెండూ ఒకే గట్టి "ఇ"లా పలుకుతారు, అందుకని మాటల్లో ఈ రెండూ ఒక్కలాగే వినపడతాయి. ఖరోషియ్, ఖరోషెయ్ కూడా అంతే. రష్యన్ పిల్లలకి కూడా డిక్టేషన్‌లో ఇక్కడ ఏ అక్షరం రాయాలో చెవి చెప్పదు. వాళ్ళకి స్కూల్లో నేర్పే ఉపాయం ఒకటుంది, మనకీ అదే బెస్ట్.

ఉపాయం ఏంటంటే ఆ అడ్జెక్టివ్ బదులు "ఎలాంటి" అనే ప్రశ్న, అంటే కకోయ్, పెట్టి అడగాలి. కకోయ్‌లో స్ట్రెస్ ఎండింగ్ మీద ఉంటుంది కాబట్టి అక్కడ అచ్చు స్పష్టంగా వినపడుతుంది. మంచి మూడ్‌లో ఉన్నాడు అని రాయాలి అనుకోండి. ఫ్ కకోమ్ నస్త్రయేనియి? కకోమ్ అని "ఒ" వినపడింది, అంటే మన మాటకి ప్రిపోజిషనల్ (మన "లో" లాంటి విభక్తి) ఎండింగ్ కావాలి, స్పెల్లింగ్ రూల్ ప్రకారం "ఒ" కాస్తా "ఎ" అవుతుంది, ఫ్ ఖరోషెమ్ నస్త్రయేనియి. మంచి స్నేహితుడితో అనుకోండి. స్ కకీమ్ ద్రూగమ్? కకీమ్‌లో "ఇ" వినపడింది, అయితే స్ ఖరోషిమ్ ద్రూగమ్. అయిపోయింది. ఈ ప్రశ్న ఒక్కటి చేతిలో ఉంటే టేబుల్ జ్ఞాపకం లేకపోయినా ఎండింగ్ రాబట్టుకోవచ్చు (పుంలింగం కర్త రూపం ఖరోషియ్ ఒక్కటి తప్ప), అందుకే నేనైతే ఖరోషియ్ కంటే ముందు కకోయ్ రూపాలు బాగా నోటికి వచ్చేలా చూసుకోమంటా. కకోయ్, కకాయా, కకోయె, కకీయె, కకోవ, కకోము, కకీమ్, కకోమ్, కకూయు, కకీఖ్, కకీమి. ఇవి రష్యన్‌లో రోజంతా వినపడే మాటలు కూడా, శ్రమ వృథా పోదు.

ఖరషో ఉచ్చారణ గురించి కూడా చెప్పాలి. రాతలో మూడు "ఒ"లు ఉంటాయి కానీ స్ట్రెస్ చివరిదాని మీద మాత్రమే, మధ్యది పొట్టి "అ"లా, మొదటిది ఇంకా అణిగిపోయి, వేగంగా మాట్లాడితే దాదాపు మాయమైపోయి "ఖ్రషో" లాగే వినపడుతుంది. ఖొరొషొ అని మూడూ నిండుగా పలికితే అర్థమవుతుంది గానీ రాసింది చదువుతున్నట్టు ఉంటుంది.

అనువాదం_నా_పని:

టేబుల్ కంఠతా పట్టాలి అనేవాళ్ళతో నేను ఏకీభవించను, రూపాలు ఒంటరిగా కాదు, పక్కన నామవాచకంతో జంటగా నేర్చుకోవాలి. సరే అది పక్కన పెట్టి మీ రెండో ప్రశ్నకి వస్తా, అదే అన్నిటికంటే ముఖ్యమైంది, ఫీల్మ్ ఖరోషియ్ వర్సెస్ ఫ్స్యో ఖరషో.

మీరు బాగుంది అని అంటున్నది ఒక వస్తువునా, మనిషినా, లేక ఒక పరిస్థితినా, ఒక పనినా? అది తేల్చుకోండి. పేరున్న వస్తువు అయితే దాని జెండర్ చూసి నిండు రూపం (షార్ట్ ఫార్మ్ కాకుండా టేబుల్‌లో ఉన్నది) పెట్టాలి. ఫీల్మ్ ఖరోషియ్, క్నీగ ఖరోషయా, కినో ఖరోషెయె, ప్యేస్ని ఖరోషియె. పని ఎలా చేశారు అనేదైతే ఖరషో, అది ఇంక మారదు. అనా ఖరషో పయోత్, ఆవిడ బాగా పాడుతుంది. ఆవిడే మంచి గాయని అనాలంటే అనా ఖరోషయా పెవీత్స. పని చేసిన తీరు గురించి తెలుగులో "బాగా" అనగలిగిన చోట ఖరషో, "మంచి" అనగలిగిన చోట ఖరోషియ్ కుటుంబం. అసలు చిక్కంతా "బాగుంది" దగ్గరే, ఎందుకంటే అది రెండువైపులా వెళ్తుంది.

పరిస్థితి గురించి అయితే మళ్ళీ ఖరషో. ఎత ఖరషో అంటే "ఇది మంచి విషయం" అని. ఖరషో, ష్తో తి ప్రిషోల్ అంటే "నువ్వు రావడం మంచిదైంది". మ్న్యె ఖరషో అంటే నాకు హాయిగా ఉంది, ఇక్కడ "నాకు" అని డేటివ్ రావడం మనకి చాలా సహజంగా అనిపిస్తుంది, నాకు బాగుంది, నాకు ఆకలిగా ఉంది అని మనమూ అలాగే అంటాం కాబట్టి. యా ఖరోషియ్ అంటే మాత్రం "నేను మంచివాణ్ణి" అని తన గుణం గురించి తాను చెప్పుకోవడం. కాక్ దెలా అని ఎవరైనా అడిగితే జవాబు ఖరషో లేదా నర్మాల్న, అంతే. మ్న్యె నెఖరషో అంటే మామూలు "బాలేదు" కాదు, ఒంట్లో బాగోలేదు, కళ్ళు తిరుగుతున్నట్టుంది లాంటి అర్థం, అది వింటే పక్కవాళ్ళు కంగారుపడి కుర్చీ లాగుతారు.

ఖరషో ఒట్టిగా వాడితే "సరే". ఇక్కడ లాద్న కూడా ఉంది, కానీ లాద్న కాస్త చనువు, ఒక్కోసారి "సర్లే పోనీ" అన్నట్టు ఉంటుంది. టీచర్‌కో పై అధికారికో జవాబిస్తుంటే ఖరషో అనడమే పద్ధతి. ను ఖరషో అని ముందు "ను" చేర్చి సాగదీస్తే మళ్ళీ రాజీపడ్డ సరే అవుతుంది, అదంతా గొంతులో ఉంటుంది.

ఫ్సివో ఖరోషెవ గురించి, ఇది చాలా అందమైన విషయం నాకు. అసలు వాక్యం ఝెలాయు వామ్ ఫ్సివో ఖరోషెవ, అంటే "మీకు అన్నీ మంచివే కోరుకుంటున్నా". కోరుకోవడం అనే ఆ క్రియ తర్వాత జెనిటివ్ రావాలి. రోజూ వాడీ వాడీ ముందున్న "కోరుకుంటున్నా" రాలిపోయింది, జెనిటివ్ మాత్రం మిగిలింది. ఫ్సివో దోబ్రవ కూడా అచ్చం ఇలాగే పుట్టింది. షాపులో, క్లినిక్‌లో, ఫోన్ పెట్టేసేముందు, ముఖపరిచయం మాత్రమే ఉన్నవాళ్ళ దగ్గర ఈ రెండూ చాలా మర్యాదగా ఉంటాయి. ఉత్తరం చివర అయితే ఫ్సివో నయ్‌లూచ్షెవ అని ఇంకో మెట్టు పైకి.

జెనిటివ్ ఇంకోచోట కూడా కనపడుతుంది. ష్తో ఖరోషెవ అని స్నేహితులు అడుగుతారు, "ఏంటి మంచి కబుర్లు" అని. జవాబు నిచెవో ఖరోషెవ కావచ్చు, మంచిదేమీ లేదు. అదే "ఏదో మంచిది" అయితే ష్తోత ఖరోషెయె, అక్కడ జెనిటివ్ లేదు, నపుంసకలింగం కర్త రూపం. ఈ తేడా చాలామంది పట్టించుకోరు, మీరు మొదట్లోనే పట్టుకోండి.

కొత్తగా_రష్యన్:

చాలా చాలా థ్యాంక్స్ అండి అందరికీ, ఆ కకోయ్ ఉపాయం నిజంగా బంగారం. ఫ్సివో ఖరోషెవ వెనక అంత పెద్ద వాక్యం ఉందని పుస్తకంలో ఎక్కడా చెప్పలేదు. ఇంకా ఆ షార్ట్ ఫార్మ్ గురించి, పోలికల గురించి ఎవరైనా చెప్తారా? అలాగే రెండు, మూడు లాంటి నంబర్లు ముందు వస్తే అడ్జెక్టివ్ ఏమవుతుంది? ఒకచోట ద్వా ఖరోషిఖ్ ద్రూగా అని చూశా, అడ్జెక్టివ్ ప్లూరల్‌లో, నామవాచకం సింగులర్‌లో, ఇది అచ్చుతప్పా?

నెవా_ఒడ్డున:

అచ్చుతప్పు కాదు బ్రో, అది కరెక్ట్. రెండు, మూడు, నాలుగు తర్వాత నామవాచకం జెనిటివ్ సింగులర్‌లో ఉంటుంది, దాని ముందు అడ్జెక్టివ్ పుంలింగం, నపుంసకలింగం అయితే జెనిటివ్ ప్లూరల్‌లో, ద్వా ఖరోషిఖ్ ద్రూగా. స్త్రీలింగం అయితే ఎక్కువగా మామూలు ప్లూరల్ పెడతారు, ద్వ్యె ఖరోషియె క్నీగి. ఐదు నుంచి గొడవ లేదు, రెండూ జెనిటివ్ ప్లూరల్, ప్యాత్ ఖరోషిఖ్ క్నీగ్. కారణం వెతకొద్దు ఇప్పుడే, మూడు ఉదాహరణలు అలా నోట్లో పెట్టుకుని తిరగండి.

ఇంక షార్ట్ ఫార్మ్. నాలుగే రూపాలు, ఖరోష్, ఖరషా, ఖరషో, ఖరషీ. గమనించండి, పుంలింగంలో స్ట్రెస్ "రో" మీద ఉంది, మిగతా మూడింటిలో చివరికి దూకింది. వీటికి విభక్తులు లేవు, నామవాచకం ముందు నిలబడవు, వాక్యం చివర "అలా ఉంది" అని చెప్పడానికే. మంచి పుస్తకం అనడానికి ఖరషా క్నీగ అనకూడదు, ఖరోషయా క్నీగ అనే అనాలి.

మరి క్నీగ ఖరోషయా, క్నీగ ఖరషా రెండూ కుదురుతాయి కదా తేడా ఏంటంటే, మొదటిది మామూలు మాట, ఇంట్లో బయటా అందరూ అనేది. రెండోది కాస్త పుస్తకభాష, లేదా భావం ఉప్పొంగినప్పుడు, లేదా ఒక కోణం నుంచి తీర్పు చెప్పినప్పుడు. మీరు మాట్లాడేటప్పుడు అనుమానం వస్తే నిండు రూపమే వాడండి, తప్పు పోదు. షార్ట్ ఫార్మ్ తప్పనిసరిగా కావాల్సిన చోట్లు కొన్నే. కాక్ అని మొదలుపెడితే షార్ట్, కకోయ్ అని మొదలుపెడితే నిండు. కాక్ ఖరషా ఎత ప్యేస్న్యా! కకాయా ఖరోషయా ప్యేస్న్యా! ఈ పాట ఎంత బాగుందో, ఎంత మంచి పాటో. "అంత" అనే మాటకి కూడా ఇదే లెక్క, తాక్ తర్వాత షార్ట్, తకోయ్ తర్వాత నిండు. అలాగే చెమ్ ఖరషా ఎత క్నీగ, ఈ పుస్తకంలో అంత మంచి ఏముంది అని అడగాలంటే ఇక్కడ షార్టే సహజం. అందగాడు అనడానికి ఓన్ ఖరోష్ సబోయ్, అందగత్తె అయితే అనా ఖరషా సబోయ్, ఇది అతుక్కుపోయిన పదబంధం, నిండు రూపం పెడితే అర్థమే పోతుంది.

మీరు ఆడియోల్లో విన్న ఒట్టి ఖరోష్ "ఇంక చాలు" అనే ఖరోష్. ఎవరో కప్పులో టీ పోస్తుంటే ఖరోష్ ఖరోష్ అంటారు. గోల చేస్తున్న ఫ్రెండ్‌తో ఖరోష్ బల్తాత్, ఇంక వాగింది చాలు ఆపు. దాని తర్వాత క్రియ మూలరూపంలో వస్తుంది, అదీ ఇంపర్‌ఫెక్టివ్ (పని పూర్తయిందని కాక జరుగుతోందని చెప్పే క్రియ) మాత్రమే. ఆడవాళ్ళతో అన్నా గుంపుతో అన్నా ఖరోష్ మారదు. ఇది చనువున్న చోట మాత్రమే, పెద్దవాళ్ళ దగ్గర వద్దు, కొత్తవాళ్ళ దగ్గర అసలు వద్దు. ఖ్వాతిత్ అనేది అదే అర్థంలో కాస్త సేఫ్.

ఇంకొక్కటి, మర్యాదగా "వి" (మీరు) అని ఒక్క మనిషిని సంబోధించినప్పుడు షార్ట్ ఫార్మ్ ప్లూరల్‌లో ఉంటుంది, నిండు రూపం మాత్రం ఆ మనిషి ఆడో మగో దాన్నిబట్టి సింగులర్‌లోనే. వి తకాయా ఖరోషయా, మీరు ఎంత మంచివారండి, అని ఒకావిడతో. ఇక్కడ తెలుగువాళ్ళకి మీరు తర్వాత బహువచనం పెట్టాలనే చెయ్యి లాగుతుంది, లాగనివ్వకండి.

విభక్తి_ప్రియ:

పోలికలు నేను చెప్తా. ఖరోషియ్‌కి "ఇంకా మంచి" అనేది దాని సొంత మూలం నుంచి రాదు, లూచ్షె అనే వేరే మాట వస్తుంది. ప్లఖోయ్, అంటే చెడ్డ, దానికి కూడా ఇలాగే ఖూఝె. లూచ్షెకి లింగం లేదు, విభక్తి లేదు, ఖరోషియ్‌కీ ఖరషోకీ రెండింటికీ అదే. "నాకంటే" అనడానికి రెండు దార్లు, లూచ్షె మెన్యా అని జెనిటివ్, లేదా లూచ్షె, చెమ్ యా. రెండూ కలిపి చెమ్ మెన్యా అనేస్తే తప్పు. "చాలా మెరుగు" అనడానికి ఓచెన్ లూచ్షె అనరు, గరాజ్ద లూచ్షె అంటారు. కొంచెం మెరుగు అయితే పలూచ్షె. బోలెయె ఖరోషియ్ అని "మరింత" చేర్చి చెప్పడం రూల్ ప్రకారం కుదిరేలా కనపడినా జనం అనరు, చెవికి ఎబ్బెట్టు.

నామవాచకం ముందు పెట్టాలంటే లూచ్షియ్, ఇది మామూలు అడ్జెక్టివ్, ఖరోషియ్ లాగే అన్ని విభక్తుల్లోకీ వెళ్తుంది, అదే "ష", అవే ఎండింగ్స్, కొత్తగా నేర్చుకునేదేం లేదు. మోయ్ లూచ్షియ్ ద్రూగ్, నా బెస్ట్ ఫ్రెండ్. వ్ లూచ్షెమ్ స్లూచయె, మహా అయితే. ఫ్స్యో క్ లూచ్షెము, అంతా మన మంచికే. కొందరు సామియ్ లూచ్షియ్ అనడం తప్పంటారు, లూచ్షియ్‌లోనే "అన్నిటికంటే" ఉంది కదా అని. ఆ వాదన నిలవదు, సామియ్ లూచ్షియ్ ప్రామాణిక రష్యన్‌లో ఉన్నదే, ధైర్యంగా వాడొచ్చు. సామియ్ ఖరోషియ్ కూడా అంటారు. తప్పేదంటే సామియ్ లూచ్షె, మారని మాటకి సామియ్ చేర్చకూడదు.

లూచ్షె ఫ్స్యెఖ్ అంటే అందరికంటే, లూచ్షె ఫ్సివో అంటే అన్నిటికంటే. మనుషుల్లో పోటీ అయితే మొదటిది. అనా పయోత్ లూచ్షె ఫ్స్యెఖ్, అందరికంటే ఆవిడే బాగా పాడుతుంది. లూచ్షె ఫ్సివో అనా పయోత్ అంటే ఆవిడ చేసే పనులన్నిట్లో పాడడమే బాగా చేస్తుంది అని. ఒక్క మాట తేడాతో పోటీ మనుషుల మధ్యనుంచి పనుల మధ్యకి మారిపోయింది చూశారా.

సామెతల్లో ఇవన్నీ తయారుగా ఉంటాయి, అందుకే సామెతలు నేర్చుకోమని చెప్తుంటా. స్తారియ్ ద్రూగ్ లూచ్షె నోవిఖ్ ద్వూఖ్, పాత స్నేహితుడు కొత్త ఇద్దరికంటే మేలు, ఇందులో లూచ్షె తర్వాత జెనిటివ్ అలా దొరికిపోతుంది. వ్ గస్త్యాఖ్ ఖరషో, అ దోమ లూచ్షె, చుట్టాలింట్లో బాగుంటుంది, మనింట్లో ఇంకా బాగుంటుంది, ఇందులో ఖరషో, లూచ్షె రెండూ పక్కపక్కనే.

నెవా_ఒడ్డున:

పుస్తకాల్లో తక్కువగా రాసే వాడుక కొంత కలుపుతా. చదువు మార్కుల్లో ఖరషో అంటే ఖచ్చితంగా నాలుగు. రష్యాలో మార్కులు ఐదు వరకు, ఐదు అత్లీచ్న, నాలుగు ఖరషో, మూడు ఉదవ్లెత్వరీతెల్న, రెండు వస్తే ఫెయిల్. అక్కడ యూనివర్సిటీలో ఉన్నవాళ్ళకి జచ్యోత్క అనే చిన్న రికార్డు పుస్తకంలో సబ్జెక్టు పేరు పక్కన "ఖర్." అని పొట్టిగా రాసి ప్రొఫెసర్ సంతకం చేసి ఉంటే అది ఈ ఖరషోయే. అందుకని పరీక్ష బయట ఎవరైనా ఖరషో అంటే "బాగా రాశా" అని కాదు, "నాలుగొచ్చింది" అని అయ్యుండొచ్చు. నాలుగులూ ఐదులూ మాత్రమే తెచ్చుకునే స్కూలు పిల్లల్ని ఖరషీస్త్ అంటారు, అన్నీ ఐదులైతే అత్లీచ్నిక్.

ముద్దు మాటల్లో మోయ్ ఖరోషియ్, మయా ఖరోషయా. తల్లి ఏడుస్తున్న పిల్లాణ్ణి ఎత్తుకుని అనేది ఇదే, పిల్లితో అనేదీ ఇదే, ఇక్కడ "మంచి" కంటే మన "బంగారం", "కన్నా"కి దగ్గర. ఖరోషెంకియ్ అంటే చూడ ముచ్చటైన, ముద్దొచ్చే. కానీ ఖరషేంక అని స్ట్రెస్ ముందుకి జరిగితే అర్థం పూర్తిగా వేరు, "గట్టిగా, బాగా". ఖరషేంక పదూమయ్, బాగా ఆలోచించుకో.

నెఖరోషియ్ అంటే చెడ్డ, కలిపే రాస్తారు. "మంచిది కాదు, అద్భుతం" అని రెండోది ఎదురుగా పెట్టి చెప్తే మాత్రం విడదీసి నె ఖరోషియ్. పిల్లలకి నెఖరషో అని ఒక్క మాట అంటే "అలా చేయకూడదు, తప్పు" అని.

కొత్తగా_రష్యన్:

అన్నీ నోట్ చేసుకున్నా. ఒక్క చివరి డౌట్, "ఆయన మంచి డాక్టర్" అంటే ఓన్ ఖరోషియ్ వ్రాచ్ అని అర్థమైంది, "మంచి డాక్టర్‌గా ఉండేవారు" అన్నప్పుడు ఇన్‌స్ట్రుమెంటల్ (మన "తో" లాంటి విభక్తి) చూశా, అది ఎప్పుడూ తప్పనిసరా?

అనువాదం_నా_పని:

వర్తమానంలో "ఉండు" క్రియే కనపడదు కాబట్టి ఓన్ ఖరోషియ్ వ్రాచ్, కర్త రూపం. భూతకాలం, భవిష్యత్తు వచ్చేసరికి క్రియ పైకి వస్తుంది, అప్పుడు ఇన్‌స్ట్రుమెంటలే మామూలు, ఓన్ బిల్ ఖరోషిమ్ వ్రచోమ్, ఓన్ బూదెత్ ఖరోషిమ్ వ్రచోమ్. భూతకాలంలో కర్త రూపం కూడా మాటల్లో వినపడుతుంది, ముఖ్యంగా గుణం గురించి అయితే, ఓన్ బిల్ ఖరోషియ్ చెలవ్యెక్, మంచి మనిషి ఆయన, అని పోయినవాళ్ళని తలుచుకుంటూ అంటారు. "అవ్వడం" అనే స్తాత్ క్రియతో మాత్రం వేరే దారి లేదు, స్తాత్ ఖరోషిమ్ వ్రచోమ్. రాసేటప్పుడు అనుమానం వస్తే మళ్ళీ ఆ ప్రశ్నే వేయండి, కకీమ్ వ్రచోమ్? "ఇ" వినపడుతుంది, ఖరోషిమ్ అని రాసేయండి.